కిడ్నీ రోగికి గ్రుడ్డు పెట్టవచ్చునా?

నాదర్‌గుల్‌లో కిడ్నీ రోగులున్న ఇండ్లకు ప్రార్థనకు వెళ్ళినప్పుడు తరచు వినబడే మాట: "పప్పు, గ్రుడ్డు, మాంసం అన్నీ మాన్పించేశాం అయ్యగారూ!" డయాలసిస్ జరుగుచున్నవారి ఇంట్లోను ఇదే మాట. ఇది రోగికి మేలు కాదు.

మనం తినే మాంసకృత్తులు కడుపులో అమైనో ఆమ్లములుగా విడిపోతాయి. శరీరం వాటితో కండను కట్టుకుంటుంది. మిగిలినవాటిలోని నత్రజనిని కాలేయం యూరియాగా మారుస్తుంది. దానిని బయటకు పంపవలసినవి కిడ్నీలే. అవి దెబ్బతింటే యూరియా రక్తంలో పేరుకుంటుంది. అందుకే డయాలసిస్‌కు ముందు దశలో డాక్టర్లు మాంసకృత్తులు తగ్గించమంటారు. సాధారణంగా కిలో బరువుకు రోజుకు 0.6 నుండి 0.8 గ్రాములు. తగ్గించమన్నారే గాని మానమనలేదు. తొమ్మిది అమైనో ఆమ్లములను మన శరీరం తయారుచేసుకోలేదు. అవి ఆహారం ద్వారానే రావాలి.

డయాలసిస్ మొదలైతే లెక్క తిరగబడుతుంది. మిషన్ యూరియాతోపాటు అమైనో ఆమ్లములను కూడా తీసివేస్తుంది, ఒక్కొక్కసారికి సుమారు 6 నుండి 12 గ్రాములు! అప్పుడు కిలోకు 1 నుండి 1.2 గ్రాములు కావాలి. అంటే 50 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాములకు తక్కువ కాకూడదు. ఒక గ్రుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. గంజితో సరిపెడితే కండ కరిగిపోతుంది, నీరసించిన దేహానికి ఇన్ఫెక్షన్లు సులభంగా సోకుతాయి.

దానియేలు మాంసం ముట్టకుండానే పుష్టిగా ఉన్నాడు గదా అంటారు కొందరు. నిజమే, కాని దానియేలుకు డయాలసిస్ జరగలేదు!

తెల్లసొనలో ఫాస్ఫరస్ తక్కువ. రోజుకు ఎన్ని పెట్టవచ్చునో రక్తపరీక్షల రిపోర్టులు చూపించి డాక్టరుగారినే అడగండి. పరామర్శకు వెళ్ళే సహోదరులారా, అరటిపండ్లు, కొబ్బరిబోండాలు తీసుకొని వెళ్ళకండి. వాటిలో పొటాషియం ఎక్కువ.