మీకు తెలుసా? ‘మన్రో’ మన దగ్గర ‘మన్రోలప్ప’ అయింది

స్కాట్లాండు ఇంటిపేరొకటి రాయలసీమలో పిల్లల పేరైంది. గ్లాస్గోలో 1761లో పుట్టిన థామస్ మన్రో, 1800లో దత్తమండలాలకు, అంటే ఈ సీమకు, ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. ఏడేళ్లపాటు గుడారాల్లో ఉంటూ ఊరూరా తిరిగాడు, పొలాలు కొలిపించాడు, మధ్యవర్తి లేకుండా రైతు దగ్గరే శిస్తు తీసుకునే రైత్వారీ పద్ధతి పెట్టాడు. శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు కూడా చేశాడు. జనం ఆయన్ని మాండవ్య ఋషి అన్నారు, బిడ్డలకు ‘మన్రోలప్ప’ అని పేరు పెట్టుకున్నారు.

  

‘మన్రో’ అంటే ‘రో నది వాడు’ అని స్కాట్లాండు సంప్రదాయం. ఆ రో నది ఐర్లండులో ఉంది. అమెరికాలో ఈ ఇంటిపేరు నేరుగా పిలుపు పేరైంది: 1936లో ఫెర్డినాండ్ ఎద్దు కథ రాసిన మన్రో లీఫ్ అలాంటివాడే. మనవాళ్లు మాత్రం దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. వెంకటప్ప, నాగప్పల వరసలో చేర్చారు. నడుమనున్న ‘ల’ గౌరవ బహువచనపు జాడేనని నాకనిపిస్తుంది. రెడ్లు, రాజులు అన్నట్టే మన్రోలు. పరాయి పేరుకు ఇంతకంటే ఆత్మీయమైన చేరిక ఏముంటుంది!

మద్రాసు గవర్నరుగా ఉండగా, 1827 జూలైలో థామస్ మన్రో కలరాతో కన్నుమూసింది సీమలోనే, పత్తికొండలో.