ఆ కుర్చీకి మన బరువు తెలియాలి

అన్నయ్య చొక్కా చెల్లెలు తొడుక్కుంటే భుజాలు జారతాయి, చేతులు మడుచుకోవాల్సొస్తుంది. అంతకు మించి నష్టమేం లేదు. కానీ మగవాళ్ళ కొలతలకి చేసిన కుర్చీ ఒకటుంది. అందులో సన్నగా, తేలిగ్గా ఉన్న మనిషి కూర్చుంటే మెడకే ముప్పు. అదే యుద్ధ విమానాల్లోని ఎజెక్షన్ సీటు.

2016 జూన్‌లో హైదరాబాద్ దగ్గరి దుండిగల్ అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మన దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బయటికొచ్చినప్పుడు మనమంతా మురిసిపోయాం కదా! అలాంటి అమ్మాయిలకి గాల్లో ఆఖరి ఆధారం ఈ సీటే.

విమానం ఇక దక్కదనుకున్న క్షణంలో పైలట్ హ్యాండిల్ లాగుతుంది. తలపైనున్న అద్దాల మూత ఊడిపోతుంది లేదా పగిలిపోతుంది. మందుగుండు పేలి సీటుని పైకి నెడుతుంది, వెంటనే కిందున్న రాకెట్ అందుకుంటుంది. ఒంటి బరువు ఒక్కసారిగా పన్నెండు రెట్లు, ఇంకా ఎక్కువే అయినట్టుంటుంది. ప్రాణం దక్కినా వెన్నుపూస దెబ్బతిన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. కొన్ని సెకన్లలో పారాచూట్ విచ్చుకుంటుంది.

1946లో ఇంగ్లండ్‌లో మార్టిన్-బేకర్ కంపెనీ తన సీటుని గాల్లో పరీక్షించినప్పుడు బెర్నార్డ్ లించ్ అనే ఉద్యోగి స్వయంగా అందులో కూర్చుని ఎగిరాడు. ఎంత గుండె ధైర్యమో! ఇప్పుడా పని బొమ్మలది. పట్టాల మీద రాకెట్ బండిలో దూసుకుపోతూ సీటుతోసహా బయటికి ఎగురుతాయి. మెడ మీద ఎంత ఒత్తిడి పడిందో వాటిలోని పరికరాలు చెబుతాయి. మరి ఆ బొమ్మ బరువెంత? చాలాకాలం మగ పైలట్ల కొలతలే లెక్క.

అమెరికా ఎఫ్-35 విమానం సీటు మాత్రం 47 కిలోల మనిషికీ, 111 కిలోల మనిషికీ పనికిరావాలన్నారు. 2015 పరీక్షల్లో తేలికపాటి బొమ్మ మెడ తట్టుకోలేదు. అదే తోపుకి తేలిక మనిషి మరింత విసురుగా లేస్తుంది. తల మీదేమో బరువైన హెల్మెట్, ఆపైన పారాచూట్ కుదుపు. 62 కిలోల లోపు వాళ్ళెవరూ ఆ విమానం నడపొద్దన్నారు. మనలో ఎంతమందిమి ఆ లెక్కలోకి వస్తామో చూసుకోండి!

అమ్మాయిల్ని బరువు పెరగమనలేదు, సీటునే సరిచేశారు. హెల్మెట్ బరువు తగ్గించారు. తల వెనక్కి వాలిపోకుండా పట్టుకునే ఏర్పాటు పెట్టారు. 2017లో నిషేధం ఎత్తేశారు. మూడోది ఒక స్విచ్. తేలికపాటి పైలట్ అది వేసుకుంటే పారాచూట్ క్షణంలో కొంత వంతు ఆలస్యంగా తెరుచుకుని కుదుపు తగ్గుతుంది. అసలు బరువు దాచుకోవడం అక్కడ కుదరదు మరి!