నక్షత్రాలు పట్టించిన గ్రహాలు

సూర్యుడికి ఉన్నట్టే మిగతా నక్షత్రాలకూ గ్రహాలున్నాయా? తరతరాల ఈ ప్రశ్నకు గట్టి జవాబు దొరికి నలభై ఏళ్లు కూడా కాలేదు. 2025 సెప్టెంబరుకల్లా నాసా జాబితాలో అలాంటి గ్రహాలు 6,000 దాటాయి. వాటిలో నూటికి తొంభైకి పైగా ఎవరి కంటా పడనివే! వాటి నక్షత్రాలే వాటిని పట్టించాయి.

✦ మొదట దొరికినవి ఒక మృత నక్షత్రం చుట్టూ తిరుగుతున్న గ్రహాలు. సెకనుకు 160 సార్లు గిర్రున తిరిగే ఆ నక్షత్రం (పల్సార్) నుంచి వచ్చే రేడియో సంకేతాలు లెక్క తప్పి ఓసారి ముందుగా, ఓసారి ఆలస్యంగా అందేవి. గ్రహాలు దాన్ని అటూ ఇటూ లాగడమే కారణమని 1992లో ఖగోళ శాస్త్రవేత్తలు వోల్ష్‌చాన్, ఫ్రెయిల్ తేల్చారు.

✦ సూర్యుడిలాంటి నక్షత్రం దగ్గర తొలి గ్రహం 1995లో దొరికింది. సుమారు 50 కాంతి సంవత్సరాల దూరంలోని '51 పెగాసి' నక్షత్రం కాసేపు మనవైపు, కాసేపు అవతలికి కదులుతోందని మిషెల్ మేయర్, డిడియే కెలో కనిపెట్టారు. మనవైపు వచ్చేటప్పుడు దాని వర్ణపటంలోని గీతలు నీలం వైపు, దూరం జరిగేటప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి. ఆ జరుగుడును బట్టే గ్రహం బరువు అంచనా కడతారు. గురుగ్రహంలో దాదాపు సగం బరువున్న ఆ గ్రహానికి ఏడాది అంటే 4.2 రోజులే! మన బుధుడికే 88 రోజులు పడుతుంది. వాళ్లిద్దరికీ 2019లో నోబెల్ వచ్చింది.

✦ నక్షత్రానికి అంత దగ్గరగా భారీ గ్రహాలు ఉండొచ్చనీ, వాటిని ఇలాగే పట్టుకోవచ్చనీ ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవ్ 1952లోనే రాశారు. 43 ఏళ్లకు ఆ మాట నిజమైంది.

✦ గురుగ్రహం మన సూర్యుణ్ని సెకనుకు 12 మీటర్లకు పైగా వేగంతో కదిలిస్తే, భూమి కదిలించేది 9 సెంటీమీటర్లే. మరో భూమిని వెతకడం ఎందుకంత కష్టమో ఈ అంకెలే చెబుతాయి.

✦ ఇంకో దారి కాంతిని కొలవడం. గ్రహం అడ్డొస్తే నక్షత్రం కాస్త మసకబారుతుంది. గురుగ్రహమంతది సూర్యుడికి అడ్డొస్తే తగ్గేది 1 శాతం. భూమి అంతదైతే 0.01 శాతం కూడా ఉండదు. ఈ పద్ధతిలోనే కెప్లర్ టెలిస్కోపు 2009 నుంచి 2018 వరకు పనిచేసి 2,600కు పైగా గ్రహాలను పట్టింది.

✦ అడ్డొచ్చిన గ్రహానికి వాతావరణం ఉంటే, నక్షత్ర కాంతి అందులోంచి వడకట్టుకుని వస్తుంది. ఏ రంగు తగ్గిందో చూస్తే అక్కడున్న వాయువేదో తెలుస్తుంది. 2022లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు 'వాస్ప్-39బి' అనే గ్రహంపై కార్బన్ డయాక్సైడ్‌ను ఇలాగే గుర్తించింది.

✦ ఈ వేటలో మన దేశమూ ఉంది. మౌంట్ అబూలోని 'పారస్' పరికరంతో అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాల శాస్త్రవేత్తలు, భూమికి 27 రెట్లు బరువున్న గ్రహాన్ని 2018లో ప్రకటించారు. 2019లో ఒక నక్షత్రానికి పేరుపెట్టే అవకాశం వస్తే భారత్ భౌతిక శాస్త్రవేత్త విభా చౌధురి పేరు ఎంచుకుంది.

✦ గ్రహాన్ని పట్టడానికి పెద్ద డిగ్రీలే ఉండాలని లేదు. కెప్లర్ సమాచారాన్ని ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని పరిశీలించిన ఔత్సాహికులు, నాలుగు నక్షత్రాల కూటమిలో ఒక గ్రహం జాడ పసిగట్టారు. 2012లో శాస్త్రవేత్తలు దాన్ని నిర్ధారించారు. ఇలాంటి సమాచారం నేటికీ అందరికీ ఉచితమే. మన పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి.