గోడ ఎవరిది, బొమ్మ ఎవరిది?

ఎండకూ పొగకూ తట్టుకునే పింగాణీ కళకు అసలు గండం మరమ్మతులతోనే

రాయ్‌పూర్ శివార్లలోని బీర్‌గావ్‌లో గోడకు వేసిన రంగు ఎక్కువ కాలం నిలవడం కష్టం. పక్కనే ఉర్లా పారిశ్రామిక వాడ. ఆ పైన సిల్తరా. స్పాంజ్ ఐరన్ కర్మాగారాల మసి గోడలనూ వదలదు. ఇలాంటి ఊళ్లో ప్రభుత్వ భవనానికి బొమ్మ కావాలంటే కాల్చిన మట్టిని మించింది లేదు. గాజుపూత వేసి, 1,200 డిగ్రీల వేడిలో కాల్చిన పలక తేలిగ్గా వెలిసిపోదు. మసి పట్టినా తడిగుడ్డతో తుడిస్తే చాలు.

ఛత్తీస్‌గఢ్‌కు గోడ మీద మట్టి కొత్తేమీ కాదు. సర్గుజా ప్రాంతంలోని పుహ్‌పుత్రా గ్రామంలో సోనాబాయి రజ్‌వార్ తన ఇంటినే మట్టి బొమ్మలతో, జాలీలతో నింపేశారు. 1980లలో ఆ కళ దేశం దృష్టికి వచ్చింది. అయితే అది కాల్చని మట్టి. ఇంట్లోనైతే చెదిరినప్పుడల్లా సరిచేసుకుంటారు. ప్రభుత్వ కార్యాలయంలో ఆ శ్రద్ధ ఎవరికుంటుంది? అందుకే బట్టీ అవసరం.

ఆ దారిలో పెద్ద అడుగు 1963లో పడింది. లక్నోలోని రవీంద్రాలయ గోడపై కె.జి. సుబ్రమణ్యన్ 81 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తున టాగోర్ నాటకాన్ని టెర్రకోటా పలకల్లోకి దించారు. ఇలాంటి పనిలో ఓపికే పెట్టుబడి. ఆరి, కాలేసరికి మట్టి దాదాపు పదో వంతు కుంచించుకుపోతుంది కనుక బొమ్మను ముందే పెద్దదిగా గీయాలి. ప్రతి ముక్క వెనకా అంకె వేయాలి. ఒక్కటి పగిలినా అదే రంగు మళ్లీ తేవడం గగనం.

మరి భవనం యజమాని గోడను మార్చాలనుకుంటే? ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. డబ్బిచ్చి కొన్నంత మాత్రాన కళాకృతిని ధ్వంసం చేసే హక్కు ప్రభుత్వానికి రాదని 2005లో ఢిల్లీ హైకోర్టు తేల్చింది. కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షన్ ఆధారంగా, మిగిలిన భాగాలను తిరిగి ఇచ్చి రూ.5 లక్షల పరిహారం చెల్లించాలని ఆదేశించింది.

ఈ న్యాయం మట్టికీ వర్తించాల్సిందే. కానీ తీర్పు వచ్చేదాకా మట్టి ఆగదు. అందుకే పలకలను గోడకు నేరుగా అతికించకుండా, విప్పి తీయగల ఇనుప చట్రాలకు బిగించాలన్న షరతు టెండరులోనే ఉండాలి. కొన్ని పలకలు అదనంగా కాల్చి దాచాలి. కంచునైతే ముక్కలుగానైనా తిరిగి ఇవ్వొచ్చు. సిమెంటులో కూరుకుపోయిన పింగాణీని పెకలిస్తే చేతికొచ్చేది పెంకులే.