సిస్టరుకు ఇంకా చదువెందుకు?



"మా అమ్మాయి నర్సింగు పూర్తిచేసింది, ఉద్యోగం కూడా వచ్చింది. ఇప్పుడు మళ్ళీ రెండేళ్ళు చదువుతానంటోంది. నర్సుకు అంత చదువెందుకమ్మా?" అని సంఘంలోని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. వార్డులో రోగులేమో, "మాకు అలవాటైన సిస్టరు వెళ్ళిపోతే ఎలా?" అంటారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మేము జి.ఎన్.ఎం. డిప్లొమాతోనే ఇన్నేళ్ళు పనిచేశాము కనుక డిప్లొమావారిని తక్కువచేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. అయినా మా జవాబు మాత్రం ఒక్కటే: వెళ్ళనివ్వండి.

ఎందుకో చెబుతాము. ఐ.సి.యు.లో రాత్రి 2 గంటలకు మంచం పక్కన ఉండేది నర్సు. డాక్టరుగారు ఆపరేషనులో ఉండవచ్చు, ఇంటినుండి రావలసి ఉండవచ్చు. ఇన్ఫెక్షను ఒళ్ళంతా పాకుతున్న రోగికి బి.పి. పడిపోకముందే కొన్ని చిన్న గుర్తులు కనిపిస్తాయి. నిమిషానికి 18 సార్లు తీసుకునే ఊపిరి 26కు పెరుగుతుంది. మూత్రం తగ్గుతుంది. సాయంత్రం చక్కగా మాట్లాడిన మనిషి పొంతన లేకుండా మాట్లాడతాడు. వీటిని విడివిడిగా చార్టులో రాయడం ఎవరికైనా వస్తుంది. మూడింటినీ కలిపి చూసి, "ఇది సెప్సిస్ కావచ్చు" అని గుర్తించి, డాక్టరుగారికి ఫోనులో సూటిగా చెప్పి, ఆయన వచ్చేలోగా ఏ రక్తపరీక్ష పంపాలో, ఏ మందు సిద్ధంగా ఉంచాలో తెలిసి ఉండడం వేరే విద్య. కొందరికి అది అనుభవంతో వస్తుంది. కానీ అనుభవం వచ్చేదాకా రోగి ఆగడు కదా!

ఇది మా సొంత అభిప్రాయం మాత్రమే కాదు. ఐరోపాలోని 9 దేశాల్లో 300 ఆసుపత్రులను, ఆపరేషను అయిన 4 లక్షల 20 వేలకు పైగా రోగులను పరిశీలించి, లిండా ఐకెన్ బృందం 2014లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించింది. డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువున్న చోట, రోగి నెలలోపు మరణించే అవకాశం 7 శాతం తక్కువగా ఉంది. అలాగే ఒక్కో నర్సుకు ఒక్క రోగి పెరిగితే ఆ ప్రమాదం 7 శాతం పెరిగింది. ఈ రెండో సంగతి ఆసుపత్రి కమిటీలవారు కూడా గుర్తుంచుకోవాలి. చదువుకున్న నర్సును తెచ్చి ముగ్గురి పని అప్పగిస్తే ప్రయోజనం లేదు.

మన దేశంలో నర్సింగు డిగ్రీ 1946లో ఢిల్లీలోను, వెల్లూరు మిషను ఆసుపత్రిలోను ప్రారంభమయింది. పి.జి. చదువు 1959లో ఢిల్లీలో వచ్చింది. అయితే ఎం.ఎస్సీ. చదివినవారిలో ఎక్కువమంది కాలేజీల్లో పాఠాలు చెప్పడానికే వెళ్ళిపోయారు. పెద్ద చదువు చదివినకొద్దీ రోగికి దూరమవడం మాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ఆ లోటు తీర్చడానికే నర్స్ ప్రాక్టీషనర్ చదువు. 1965లో అమెరికాలోని కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరుగారితో కలిసి దీనిని ప్రారంభించారు. ఆమె 2025లో 104 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. మన దేశంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గత దశాబ్దంలో క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును రూపొందించింది. ఇది రెండేళ్ళ ఎం.ఎస్సీ. బి.ఎస్సీ. నర్సింగ్ ఉండి, కనీసం ఏడాది రోగుల దగ్గర పనిచేసి ఉండాలి. ఎక్కువకాలం ఐ.సి.యు.లోనే డ్యూటీ చేస్తూ నేర్చుకుంటారు. జి.ఎన్.ఎం. చదివినవారు ముందుగా రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బి.ఎస్సీ. చేయాలి. దారి కొంచెం పొడవే.

కాన్పుల విషయం కూడా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషను ద్వారానే జరిగాయి. దేశం మొత్తం మీద 21.5 శాతమే. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో, ఫెర్నాండెజ్ ఆసుపత్రి, యూనిసెఫ్ సహకారంతో, నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. ఇది పి.జి. కాదుగాని, సాధారణ కాన్పును ఓపికగా దగ్గరుండి చేయించగల చేతులు మనకు ఎంత అవసరమో మన తల్లులకు తెలుసు.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. సీటు తీసుకునే ముందు కోర్సుకు నర్సింగు నియంత్రణ సంస్థల గుర్తింపు ఉందో లేదో చూడండి. కాలేజీకి సొంత ఆసుపత్రి, నిజంగా రోగులున్న ఐ.సి.యు. ఉన్నాయా అని స్వయంగా వెళ్ళి చూసి రండి. చదువయ్యాక ఆ హోదాతో పోస్టు ఇస్తారా, జీతం ఎంత అని అమ్మాయి పనిచేసే ఆసుపత్రిని ముందుగానే అడగండి. అడగడం తప్పు కాదు. కొత్త చదువు చదివినవారికి పాత పోస్టు, పాత జీతం ఇస్తే వారు విదేశాలకు వెళ్ళక ఏం చేస్తారు? పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు ఈ రెండేళ్ళ సంగతి కూడా దాచకుండా చెప్పండి.

రోగులకు ఒక చిన్న మనవి. సిస్టరు మీ చెయ్యి పట్టుకొని గడియారం చూస్తూ మౌనంగా నిలబడితే, నాడితోపాటు మీ ఊపిరి కూడా లెక్కపెడుతోందని తెలుసుకోండి. ఆ ఒక్క నిమిషం మాట్లాడించకండి. మాట్లాడితే లెక్క తప్పుతుంది.