మడమలో దాగిన బాల్యం

మనామా నుండి దక్షిణంగా నలభై కిలోమీటర్లు వెళితే ఎడారి నడుమ ఒంటరిగా నిలిచిన చెట్టు ఒకటి కనబడుతుంది. అరబ్బులు దానిని 'షజరత్ అల్ హయాత్', అనగా జీవవృక్షం అంటారు. వయస్సు నాలుగు వందల ఏళ్లకు పైమాటేనని ప్రతీతి. అది దసరానాడు మనం పూజించే జమ్మి చెట్టేనన్న సంగతి చూడవచ్చిన తెలుగు కుటుంబాలలో అందరికీ తెలిసినట్లు లేదు. దానికి చేరువలోనే 134 మీటర్ల జెబెల్ దుఖాన్. బహ్రెయిన్‌లో అంతకు మించిన కొండ లేదు. దాని పాదం వద్దనే 1932లో చమురు పడింది. ఇంకా పడమరగా సాగితే సఖీర్ రేసు మైదానం, దాని సమీపంలో 1976లో నెలకొల్పిన అల్ అరీన్ వన్యప్రాణి సంరక్షణ కేంద్రం.

శీతకాలపు నెలలలో తెల్లవారుజామున ఈ దారులు సైకిళ్లతో కళకళలాడతాయి. రాళ్లబాటలలో పరుగెత్తేవారూ తక్కువేమీ కాదు. 2014 డిసెంబరులో జరిగిన 'ఛాలెంజ్ బహ్రెయిన్' పోటీలో ఈత ముగించి, 90 కిలోమీటర్లు సైకిలు తొక్కినవారి చివరి పరుగు అల్ అరీన్ గుండానే సాగింది. అటువంటి పోటీలను చూసి, రక్తంలో చక్కెర పరీక్షల ఫలితాలను చూసి, నలభయ్యో ఏట ఈ వ్యాయామంలోకి దిగినవారు మన కుటుంబాలలోనూ ఉన్నారు. వారిలో కొందరిని రెండవ శీతకాలానికల్లా పట్టుకునేది మడమ వెనుక నొప్పి. ఉదయం మంచం దిగి వేసే మొదటి నాలుగడుగులు నరకం. నడవగా నడవగా సర్దుకుంటుంది. అప్పుడు సగంమంది బూట్లను అటక మీద పెట్టేస్తారు, తక్కినవారు మాత్ర వేసుకుని పరుగెడతారు. ఈ రెండు దారులూ తప్పుదారులే.

పిక్క కండరాన్ని మడమ ఎముకకు బిగించే ఆ త్రాడును వాడుకలో నరం అంటారు గాని, అది నాడి కాదు, స్నాయుబంధనం. వైద్యులు అకిలిస్ టెండన్ అంటారు. అది ప్రధానంగా కొల్లాజెన్ అనే ప్రోటీనుతో అల్లినది. మూడు పోగులు ఒకదానినొకటి పెనవేసుకున్న ఆ అల్లికను 1954-55లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా నిరూపించి చూపారు. కొబ్బరిపీచు త్రాడు పేనే విధం ఎరిగినవారికి ఆ నిర్మాణాన్ని వేరే బోధించనక్కరలేదు.

ఈ త్రాడు వయస్సెంత? దీనికి సమాధానం విచిత్రమైన చోటినుండి లభించింది. 1955-63 సంవత్సరాల మధ్య జరిగిన అణుబాంబు పరీక్షల వల్ల వాతావరణంలో కార్బన్-14 దాదాపు రెట్టింపయింది. 1963 ఒప్పందం తరువాత ఆ మోతాదు ఏటేటా తగ్గుతూ వచ్చింది. గాలిలోని కార్బనును వరిపైరు గ్రహిస్తుంది, అన్నం ద్వారా అది మన దేహంలో చేరుతుంది. కనుక ఏ కణజాలంలోనైనా కార్బన్-14 ఎంత ఉన్నదో కొలిస్తే అది ఏ యేట ఏర్పడినదో చెప్పవచ్చు. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2013లో ఈ పద్ధతిని మడమ స్నాయుబంధనానికి అన్వయించి చూశారు. కండరం ఎప్పటికప్పుడు మారుతూనే ఉన్నది. స్నాయుబంధనపు గర్భం మాత్రం మనిషి ఎత్తు పెరిగే వయస్సులో, సుమారు పదిహేడేళ్లలోపు, ఏర్పడినదే. ఆపై కొత్తది రాలేదు.

అనగా గుంటూరు జిల్లాలోనో, కరీంనగర్ పల్లెలోనో పెరిగి పాతికేళ్లకు గల్ఫు చేరిన మనిషి కండలు ఇక్కడి తిండితో ఎన్నో మార్లు కొత్తవయ్యాయి గాని, మడమ త్రాడు నడిబొడ్డు మాత్రం ఆ ఊరి అన్నంతో పేనినదే. దానికి మారుత్రాడు లేదు. ఊరికే కూర్చుంటే అది కొత్తది కాదు. సరి కదా, పనిలేని త్రాడు మరింత బలహీనపడుతుంది.

మరి ఏం చేయాలి? స్వీడన్‌లోని ఉమియో నగరానికి చెందిన ఎముకల వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ స్వయంగా పరుగరి. తన మడమ నొప్పికి శస్త్రచికిత్స చేయమని పై అధికారిని కోరితే, ఆయన ససేమిరా అన్నాడట. త్రాడు పూర్తిగా తెగితే తప్పనిసరిగా కోస్తారు గదా అని, దానిని తెంపే ఉద్దేశంతో ఆయన నొప్పి పుట్టేలా రోజూ బరువుతో వ్యాయామం మొదలుపెట్టాడు. త్రాడు తెగలేదు, నొప్పే పోయింది! దానినే పద్ధతిగా మలచి పదిహేనుమంది మీద ప్రయోగించి 1998లో ప్రచురించాడు. వారి సగటు వయస్సు నలభై నాలుగు. పన్నెండు వారాలకు అందరూ తిరిగి పరుగెత్తగలిగారు. చేయవలసినది ఇంతే: మెట్టు అంచున మునివేళ్లపై నిలిచి, బాగున్న కాలితో పైకి లేచి, నొప్పి ఉన్న మడమను మెల్లగా మెట్టు క్రిందికి దించాలి. మోకాలు చాచి పదిహేనేసి మూడు మార్లు, వంచి మూడు మార్లు, రోజుకు రెండు పూటలు. వెరసి దినానికి నూట ఎనభై. మన వంటి వారికి కష్టం వ్యాయామంలో లేదు, మూడు నెలలు మానకుండా చేయడంలో ఉంది.

ఆ వారాలలో పరుగు మానాలా అన్నది తరువాతి ప్రశ్న. స్వీడన్‌లోనే సిల్బర్‌నాగెల్ బృందం ముప్పై ఎనిమిదిమందిని రెండు జట్లుగా విభజించి, వ్యాయామంతోపాటు ఒక జట్టును పరుగు కొనసాగించమన్నది, రెండవ జట్టును ఆరు వారాలు మానమన్నది. 2007లో వెలువడిన ఫలితాలలో రెండు జట్లకూ తేడా లేదు. అయితే కొలబద్ద ఒకటి ఉన్నది. నొప్పి పదింట అయిదుకు మించరాదు, మరునాటి ఉదయానికి సర్దుకోవాలి, వారం వారం పెరగరాదు.

సైకిలు ఉపకరించేది ఇక్కడే. పరుగులో ఈ త్రాడు మీద పడే లాగుడు శరీరపు బరువుకు ఆరు రెట్లు దాటుతుంది. సైకిలు మీద మామూలుగా ఒక రెట్టు కూడా ఉండదు. పైగా పరుగు తరువాత ఒక రోజు, రోజున్నర దాకా త్రాడు పైపొరలలో కొల్లాజెన్ తరుగుదలే ఎక్కువ, వృద్ధి ఆ తరువాతనే. కనుక పరుగుకూ పరుగుకూ నడుమ సైకిలు రోజు ఉండడం మంచి ఏర్పాటు. మెత్తని ఇసుక మోకాలికి హాయి గాని, మడమ లోతుగా దిగబడుతుంది. జెబెల్ దుఖాన్ వైపు ఎక్కుడుబాటలూ అంతే. నొప్పి ఉన్నవారికి చదును దారే మేలు.

ఈ న్యాయం ఎముకకు వర్తించదు. బహ్రెయిన్-మెరిడా జట్టు సైకిలు వీరుడు విన్సెంజో నిబాలి 2018 జూలైలో ఫ్రాన్సు పోటీలో ఆల్ప్ ద్యూఎజ్ కొండ మీద పడి, లేచి, విజేత కంటే పదమూడు సెకన్లు మాత్రమే వెనుకగా గమ్యం చేరాడు. తరువాత తీసిన ఎక్స్‌రేలో వెన్నుపూస విరిగినట్లు తేలింది. మరునాడు ఆయన సైకిలెక్కలేదు. ఒకే చోట వేలు పెట్టి చూపగలిగే ఎముక నొప్పి, రాత్రిపూట కూడా వదలని నొప్పి ఉంటే నూట ఎనభై లెక్క పక్కన పెట్టి వైద్యుని చూడవలసిందే.

ఇక మాత్రల సంగతి. దెబ్బతిన్నచోట పుట్టే ప్రోస్టాగ్లాండిన్లను ఈ నొప్పి మాత్రలు అడ్డుకుంటాయని జాన్ వేన్ 1971లో కనుగొన్నాడు. 1982లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అయితే దేహంలో నీరు తగ్గినపుడు మూత్రపిండాలకు రక్తం అందేలా నాళాలను తెరచి ఉంచేవి కూడా ఆ ప్రోస్టాగ్లాండిన్లే. డైక్లోఫెనాక్ మింగి గల్ఫు ఎండలో రెండు గంటలు చెమటోడ్చడమంటే, మూత్రపిండానికి గండం వచ్చిన వేళనే దాని కాపలాదారును పంపివేయడం. కొలబద్ద కూడా అబద్ధం చెబుతుంది, పదింట ఏడు మూడుగా కనిపిస్తుంది. అల్ అరీన్‌లోని ఓరిక్స్ పగటి వేడికి తన ఒంటి ఉష్ణోగ్రతనే పెరగనిచ్చి, రాత్రి చల్లబడి, చెమట మిగుల్చుకుంటుంది. ఆ సౌకర్యం మనిషికి లేదు. మరొక మాట: స్వదేశం నుండి పెట్టెలలో తెచ్చుకుని దగ్గుకూ జ్వరానికీ వాడేసే సిప్రోఫ్లోక్సాసిన్ వర్గపు మందులు స్నాయుబంధనాలను బలహీనపరచి, ఒక్కొక్కప్పుడు తెంపుతాయని 2008 నుండి అమెరికాలో ఆ మందుల పత్రం మీదనే ప్రముఖంగా హెచ్చరిస్తున్నారు.

ఈ త్రాడు సరదాకు పరుగెత్తేవారికి మాత్రమే ఉన్నది కాదు. నిచ్చెనలెక్కి దిగే మన కూలీ సోదరులు కూడా ఉదయపు మొదటి నాలుగడుగులు కుంటుతూనే పనికి బయలుదేరుతారు. బహ్రెయిన్‌లో 2007 నుండి నడివేసవి మధ్యాహ్నాలలో ఆరుబయట పని నిషిద్ధం. ఎండ సంగతి అలా కొంత తీరింది. మడమ నొప్పికి వారికి దొరికేది సాధారణంగా అదే మాత్ర. మెట్టు అంచున చేసే వ్యాయామానికి ఖర్చు లేదు, క్యాంపులో మెట్లకు కొదవా లేదు. వారాంతపు వైద్య శిబిరాలలో రక్తపోటు చూసే బల్ల పక్కన దానిని ఒకరు చేసి చూపడానికి అయిదు నిమిషాలు చాలు.