పార్కు ముందు ఏడు మూరల దారి

అస్ర్ నమాజు ముగించుకొని మస్జిద్ నుంచి బయటకు వచ్చే వేళకే మా కాలనీ పార్కు ముందు వీధి వాహనాలతో నిండిపోయి ఉంటుంది. హైదరాబాదు నగరంలో ఇదేమంత విశేషం కాదు. కె.బి.ఆర్. ఉద్యానవనం వంటి పేరుమోసిన చోటు మొదలుకొని కాలనీల్లోని చిన్న పార్కుల దాకా, నడకకు వచ్చినవారి బండ్లకు వీధులే శరణ్యం. మా పార్కు ఎకరం కూడా ఉండదు. నాలుగు వేపచెట్లు, చుట్టూ నడకబాట, ఒక మూల పిల్లలు ఆడుకునే ఇసుక నేల, అందులో ఒక జారుడుబల్ల, రెండు ఊయలలు. చుట్టుపక్కల అయిదారు కాలనీలకు ఉన్న పచ్చని చోటు ఇదొక్కటే. కనుక జనం వస్తారు, రావాలి కూడా. అయితే వచ్చినవారు తమ బండ్లు ఎక్కడ నిలపాలన్న ప్రశ్న మా దగ్గర ఇరుగుపొరుగుల మధ్య సలాములు కూడా ఆగిపోయేంత దూరం వెళ్లింది.

పార్కుకు సరిగ్గా ఎదురింట్లో వృద్ధ దంపతులు ఉంటారు. కాలనీలో అందరికీ వారు ఖాలా, ఖాలూ. ఖాలూగారికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్ చేయించుకోవాలి. ఆయనకు దొరికిన సమయం సాయంత్రమే. మొన్న వేసవి సెలవుల్లో ఒకనాడు వారి గేటుకు అడ్డంగా ఎవరో కారు నిలిపి పార్కులోకి వెళ్లిపోయారు. ఆటో లోపలికి రాలేక వీధి చివరే ఆగిపోయింది. అంతదూరం నడిచే శక్తి ఆ పెద్దమనిషికి లేదు. కుర్రవాళ్లు ఇద్దరు కారు నంబరు కేకవేస్తూ నడకబాట చుట్టూ తిరిగారు. ఇరవై నిమిషాల తరువాత కారు యజమాని పరుగున వచ్చాడు. చెడ్డవాడేమీ కాడు. "అయిదు నిమిషాల్లో వచ్చేద్దామనుకున్నానండీ, క్షమించండి" అంటూ చేతులు జోడించాడు. ఆయనతో ఎవరూ గొడవపడలేదు. కానీ ఆ సాయంత్రం ఖాలూ యంత్రం మీద ఉండవలసిన సమయంలో కోత పడింది.

"పార్కు ఎదురుగా ఇల్లంటే ఎంతో మురిసిపోయి కొన్నాం బేటా. ఇప్పుడు మా గేటు మాది కాకుండా పోయింది" అన్నారు ఖాలా ఆ రాత్రి.

ఆ మరుసటి ఆదివారం కాలనీ సంఘం సమావేశమయింది. ఒక సభ్యుడు పరిష్కారం సిద్ధంగా పట్టుకొని వచ్చారు. పిల్లల ఇసుక నేల ఉన్న మూలను చదును చేసి, సిమెంటు వేసి, గోడ పగలగొట్టి కార్లకు ఇచ్చేద్దామన్నారు. వింటుంటే సబబుగానే తోచింది. నిజం చెప్పాలంటే నేను కూడా చేయెత్తబోయాను. వెనుక వరుసలో ఉన్న ఒక విశ్రాంత ఇంజనీరుగారు లేచి "ఆ మూలలో ఎన్ని కార్లు పడతాయో ఎవరైనా లెక్కవేశారా?" అని అడిగేసరికి సభ నిశ్శబ్దమయింది.

ఆ లెక్క పాఠకులు కూడా ఒకసారి చూడవలసినదే. కారు నిలిచే చోటు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు ఉండాలి. అది లోపలికి వచ్చి, మలుపు తీసుకొని, బయటకు పోవడానికి దారి వేరే కావాలి. అంతా కలిపి ఆరుబయట ఒక్కో కారుకు 23 చదరపు మీటర్లు అవసరమని మన దేశంలో పట్టణ ప్రణాళికల లెక్క. మనకు అలవాటైన కొలతలో దాదాపు ఇరవై ఏడున్నర గజాలు. మా పిల్లల ఇసుక నేల సుమారు మూడు వందల గజాలు. అంటే పది కార్లు, మహా అయితే పదకొండు. వాటికోసం పిల్లలందరి ఆట పోవాలి. నిరుపేదలు ప్రభుత్వ స్థలాల్లో వేసుకున్న ఇళ్లను 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2014 చివర 58వ నంబరు ఉత్తర్వు ఇచ్చింది. ఒక కుటుంబం బతుకంతా ఇమిడే ఆ నేలలో అయిదు కార్లకు చోటు చాలదు. కారుకు మనం ఎంత నేల ధారపోస్తున్నామో అప్పటిదాకా నాకు స్ఫురించలేదు.

చట్టం సంగతి కూడా ఉన్నది. బెంగళూరులో పార్కుకని వదిలిన స్థలాన్ని ఒక నర్సింగ్ హోమ్ నిర్మాణానికి కేటాయిస్తే స్థానికులు న్యాయస్థానానికి వెళ్లారు. ఆ కేటాయింపు చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రోగులకు పనికివచ్చే భవనానికే పార్కు స్థలం ఇవ్వరాదన్నప్పుడు, కార్ల కోసం గోడ పగలగొట్టే ముందు ఏ సంఘమైనా ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి.

అసలు చోటు లేదా, ఉన్న చోటు సక్రమంగా వాడుకోవడం లేదా? ఇంజనీరుగారి మాట విన్న తరువాత నేను వారం రోజులు సాయంత్రాలు పార్కు గేటు దగ్గర నిలబడి చూశాను. అక్కడ నిలిచిన కార్లలో చాలావాటికి పార్కుతో సంబంధమే లేదు. కొన్ని పక్క వీధిలోని దుకాణాలవారివి. ఉదయం పెట్టినవి రాత్రికి గానీ కదలవు. ఇంకొన్ని మా కాలనీ అపార్టుమెంట్లవే. సెల్లారు పార్కింగు కోసమని అనుమతి తీసుకొని, దానిని గోదాముకు అద్దెకిచ్చి, కారు మాత్రం వీధిలో పెట్టే ఘనులు మాలో ఉన్నారు. జపానులో 1962లోనే దీనికొక చట్టం చేశారు. కారు నిలుపుకోవడానికి తనకు చోటు ఉన్నదని రుజువు చూపితే గానీ అక్కడ సాధారణంగా కారు నమోదు కాదు. మన దగ్గర అటువంటిది ఎప్పటికి వస్తుందో గానీ, గోదాముగా మారిన సెల్లారును ఖాళీ చేయించడానికి కొత్త చట్టమేమీ అక్కరలేదు.

ఇక మిగిలినవి నిజంగా నడకకు వచ్చినవారి బండ్లు. వారిలోనూ నడిచి రాగలిగినంత దగ్గరివారు తక్కువేమీ కాదు. పార్కులో ఒక కిలోమీటరు నడవడానికి అర కిలోమీటరు కారులో వస్తున్నాం! ఇది రాస్తున్నప్పుడు మా ఇంట్లోవారు నా వంక అదోలా చూశారు. వర్షాకాలంలో నేనూ అదే పని చేసిన మాట వాస్తవమే.

పార్కింగు విషయమై జీవితకాలం పరిశోధన చేసిన అమెరికా ఆచార్యుడు డోనాల్డ్ షూప్ 2025లో కన్నుమూశారు. ఉచితంగా కనిపించే పార్కింగుకు సమాజం చెల్లించే మూల్యాన్ని వివరిస్తూ ఆయన 2005లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. అందరికీ ఒకేసారి సరిపడా చోటు కల్పించనక్కరలేదనీ, వీధిలో ఏడు చోట్లకు ఒకటి చొప్పున ఖాళీగా ఉండేలా రుసుము నిర్ణయిస్తే చాలనీ ఆయన వాదించారు. వసూలైన సొమ్మును ఆ వీధి బాగుకే ఖర్చు చేయాలని కూడా సూచించారు. రుసుము అనగానే పేదల మీద భారమని మనవాళ్లు ఉలిక్కిపడతారు. ఆ భయం న్యాయమైనదే. కానీ సైకిలుకూ, మోటారు సైకిలుకూ, ఆటోకూ ఏమీ తీసుకోకుండా, కారుకు కూడా మొదటి గంట వదిలిపెట్టి, ఆ తరువాతనే వసూలు చేస్తే భారం పడేది రోజంతా కదలని కారు మీద. ఒకే కారు మూడు గంటలు నిలిచే చోటును ముప్పావు గంట చొప్పున నాలుగు కుటుంబాలు వాడుకోవచ్చు.

వీధి వెడల్పు మాట కూడా చెప్పాలి. మాది ముప్పై అడుగుల రోడ్డు. పార్కు గోడకు ముఖం పెట్టి నిలిపిన కారు పద్నాలుగు అడుగులు ఆక్రమిస్తుంది. ఎదుటి వైపు వరుసగా నిలిపినవి మరో ఏడడుగులు. మిగిలేది తొమ్మిది. అందులో మోటారు సైకిళ్లు చేరితే ఎనిమిది అడుగుల వెడల్పుండే అగ్నిమాపక శకటానికి దారి లేనట్లే. దారి వెడల్పు గురించి జనం వివాదపడినప్పుడు ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) తీర్పు ఇచ్చినట్లు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఏడు మూరలంటే పదిన్నర అడుగులు. ఆ శకటం ఇరుకు పడకుండా పోవడానికి కావలసిన దారి కూడా ఇంచుమించు అంతే. నేను టేపు పట్టుకొని కొలిచిన రోజున మా వీధిలో ఎక్కడా ఏడు మూరలు లేవు.

ఈ విషయంలో మనం ఇతరులకు చెప్పే ముందు మన శుక్రవారాలను కూడా చూసుకోవాలి. జుమా వేళ మా మస్జిద్ ముందు నిలిచే బండ్లు ఎందరి గేట్లకు అడ్డుపడుతున్నాయో ఆ ఇళ్లవారిని అడిగితే తెలుస్తుంది. రమజాను తరావీహ్ రాత్రుల సంగతి సరేసరి. ఇమాము సాహెబ్‌తో ఈ మాట ప్రస్తావించినప్పుడు ఆయన కాసేపు మౌనంగా ఉండి, "పార్కు వాళ్లకు మన ఆవరణ ఇద్దాం. మనకు స్కూలు ఆవరణ అడుగుదాం" అన్నారు. అస్ర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య మస్జిద్ ఆవరణలో చాలా చోటు ఖాళీగా ఉంటుంది. శుక్రవారం మధ్యాహ్నం భోజన విరామంలో పక్కనున్న పాఠశాల మైదానంలో ఒక భాగం వాడుకోవచ్చు. కాపలాదారుకు ఇచ్చే జీతం ఇరువురూ పంచుకుంటే సరిపోతుంది.

రెండవ సమావేశంలో ఒక నెల ప్రయోగంగా కొన్నిటికి ఒప్పుకున్నారు. కార్లు గోడకు సమాంతరంగా, వీధికి ఒకే వైపున నిలపాలి. గేటుకు దగ్గరగా ఉన్న మూడు చోట్లు వృద్ధులకు, వికలాంగులకు కేటాయించాలి. మోటారు సైకిళ్లన్నీ ఒకే చోట పెట్టించాలి. సెల్లారు గోదాముల విషయం ఎత్తగానే ఇద్దరు లేచి వెళ్లిపోయారు. రుసుము నగరపాలక సంస్థ అనుమతి లేకుండా వసూలు చేయరాదు కనుక దరఖాస్తు మాత్రం పెట్టారు. పిల్లల మూలను సిమెంటు చేయాలన్న ప్రతిపాదన ఇంకా మినిట్స్ పుస్తకంలోనే ఉన్నది. నెల తరువాత దానిమీద ఓటింగు జరుపుతారట.

ఖాలాగారి గేటు ముందు పసుపు గీతలు గీశారు. మొదటి రోజు సాయంత్రమే ఆ గీతల మీద ఒక కారు నిలిచింది. మోటారు సైకిళ్లు సర్దుతున్న కుర్రవాడు యజమానిని వెతికి తీయించేలోగా ఆటో వచ్చేసింది. అయితే ఈసారి వీధి చివర కాదు, గేటుకు పది అడుగుల దూరంలో ఆగింది. ఖాలూ కర్ర ఊతంగా అక్కడిదాకా నడిచి ఆటో ఎక్కారు.